“క్రాయిట్సర్ సొనాటా” : హత్యావృత్తాంత పరిశీలనము

టాల్‌స్టాయి 1889లో ముగించిన “క్రాయిట్సర్ సొనాటా” అను పెద్దకథపై వెలువడిన విమర్శ మిక్కిలి విస్తారమైనది. అందు అధికభాగము బ్రహ్మచర్యమును గూర్చియు, వివాహవ్యవస్థను గూర్చియు, సంగీతము మనస్సుపై చూపు ప్రభావమును గూర్చియు నడచినది. ఇందులకు గ్రంథకర్తయే కొంత కారకుడు. 1890లో ఆయన ఈ కథకు ఒక అంత్యవ్యాఖ్యను జోడించి, ఇంద్రియనిగ్రహమే తాను బోధింపదలచిన విషయమని ప్రకటించెను. రష్యాలో సెన్సారువారు కథను నిషేధించుటయు, 1891లో గ్రంథకర్త భార్య సోఫియా స్వయముగా జారు చక్రవర్తి మూడవ అలెగ్జాండరును దర్శించి, సంపుటములలో చేర్చి ముద్రించుకొనుటకు అనుమతి సంపాదించుటయు ఈ చర్చకు మరింత వేడి కలిగించినవి. కాని కథ నడుమ ఒక స్త్రీ హత్య చేయబడినది. ఆ హత్య ఎట్లు జరిగినది, హంత యే మెట్లెక్కి అచ్చటికి చేరినాడు అను ప్రశ్నను తత్త్వచర్చ మరుగుపరచినది. తరగతులలో కూడ “ఈర్ష్య వలన భార్యను చంపినాడు” అను ఒక్క వాక్యముతో దానిని దాటిపోవుట కలదు. ఆ వాక్యము చాలదనియు, అది కథలోని వివరములకు విరుద్ధమనియు మేము ఇచట నిరూపింప యత్నించుచున్నాము.

కథాసంగ్రహము తెలిసినదే. రైలుపెట్టెలో పోజ్డ్నిషెవ్ అను భూస్వామి తోటిప్రయాణికునికి తన జీవితమును చెప్పుకొనుచున్నాడు. యౌవనమున భోగలాలసుడై, పిదప వివాహము చేసికొని, కలహములతో సంవత్సరములు గడపినాడు. పిల్లలు కలిగిరి. భార్య పియానో వాయించును. ట్రుఖచేవ్‌స్కీ అను ఫిడేలు విద్వాంసుడు ఆ యింటికి రాకపోకలు సాగించెను. ఇరువురును కలసి బీథోవెన్ రచించిన సొనాటాను వాయించిరి. భర్త జిల్లా సభలకై ఊరువిడిచి పోయి, అనుమానముతో చెప్పకయే తిరిగివచ్చి, రాత్రివేళ వారిద్దరిని భోజనపు బల్లకడ చూచి భార్యను బాకుతో పొడిచినాడు. న్యాయస్థానము అతనిని విడిచిపుచ్చినది. వంచితుడైన భర్త తన గౌరవరక్షణమునకై చేసిన పని యని వారి నిర్ణయము.

ఈ కథను చెప్పువాడు హంతయే యను సంగతిని పాఠకుడు క్షణమైనను మరువరాదు. అతడు కారణములను చెప్పును, వివరములను గూడ చెప్పును. కారణములు చెప్పునపుడు అతడు ఉపన్యాసకుడు. తప్పు తనది కాదు, పురుషజాతి యంతయు ఇట్టిదే, వైద్యులు, దర్జీలు, సంగీతము, విందుభోజనములు అన్నియు కలసి తన్ను ఈ స్థితికి తెచ్చినవని వాదించును. వివరములు చెప్పునపుడు మాత్రము అతడు సాక్షి. మేము ఉపన్యాసమును ప్రక్కనబెట్టి సాక్ష్యమునే విచారింతుము. ఈ రెండింటికిని పొత్తు కుదరకపోవుటయే ఈ రచనలోని గొప్పదనమని మా అభిప్రాయము. టాల్‌స్టాయి అను బోధకుడు అంత్యవ్యాఖ్యలో పోజ్డ్నిషెవ్‌తో ఏకీభవించెను గాని, టాల్‌స్టాయి అను కథకుడు అంతకు ముందే అతని మాటలను అతని చేష్టలచేతనే ఖండించియున్నాడు.

మొదట పేపరువెయిటు ఘట్టమును చూడుడు. విద్వాంసుని రాకను గూర్చి దంపతులకు కలహము కలిగినది. భర్త ఆమె చేయిపట్టుకొని, పొమ్మనియు, లేనిచో చంపుదుననియు అరచినాడు. ఆ అరపులో కోపస్వరమును తాను బుద్ధిపూర్వకముగా హెచ్చించితినని అతడే చెప్పుచున్నాడు. తరువాత బల్లపైనున్న పేపరువెయిటును విసరినాడు. అయితే ఆమెకు తగులునట్లు గాదు; ప్రక్కగా పోవునట్లు చక్కగా గురిచూచి విసరినాడు. ఆమె గుమ్మముకడ నిలిచి చూచుచుండగా, ఆమె చూచుటకొరకే, దీపపు స్తంభములను సిరాబుడ్డిని నేలగొట్టినాడు. గురితప్పుటకు గురిచూచినవాడు వివశుడు కాడు. అతడు విసరినది వస్తువును కాదు, సందేశమును. ఇది తగులవలసినచోట తగులగలదని ఆ సందేశమునకు అర్థము. ఆ రాత్రి ఆమెకు మూర్ఛలు వచ్చినవి. తెల్లవారునప్పటికి, తాము ప్రేమ యని పిలుచుకొను భావముచేత, రాజీపడిరి.

ఈ రాజీ యొక్కటి కాదు. అంతకు మున్ను ఒకతూరి ఆమె అలిగి ఇల్లు వెడలి సోదరి పంచన చేరినది. మరియొకతూరి నల్లమందు ద్రావకము త్రాగి స్పృహతప్పి పడియుండగా బ్రతికించిరి. ఇవి యన్నియు కథలో మధ్యమధ్య, ముఖ్యము కానివానివలె, అతని నోటనుండి జారిపడుచుండును. 1979లో అమెరికా మనస్తత్త్వవేత్త లెనోర్ వాకర్ గృహహింసకు ఒక చక్రగతి కలదని ప్రతిపాదించిరి: ఉద్రిక్తత పేరుకొనుట, అది బ్రద్దలగుట, పిమ్మట పశ్చాత్తాపముతో కూడిన చనువు, మరల ఉద్రిక్తత. అన్ని కాపురములకు ఇది వర్తింపదని తరువాతివారు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణము సరియైనదే. కాని పోజ్డ్నిషెవ్ తన కలహములకును తన చనువులకును మధ్యగల లెక్కను, ఒకటి హెచ్చినకొలది రెండవదియు హెచ్చుటను, వాకర్‌కు 90 ఏండ్లకు ముందే గమనించి చెప్పినాడనుట గుర్తింపదగినది. అతడు దానిని కామదోషముగా వ్యాఖ్యానించుకొన్నాడు. వ్యాఖ్యానము అతనిది, పరిశీలనము టాల్‌స్టాయిది.

ఇక ప్రయాణము. ఊరిలోనున్న భర్తకు భార్య ఉత్తరము వ్రాసినది. పిల్లల సంగతులు, దాది సంగతి, కొన్న వస్తువులు, వానినడుమ సామాన్యవిషయమువలె, విద్వాంసుడు స్వరముల కాగితములను తెచ్చి మరల వాయింతమని యడిగెననియు తాను ఒప్పుకొనలేదనియు. ఆ ఒక్క వాక్యము చాలినది. మరునాడు అతడు బయలుదేరెను. ముప్పదియైదు వెరస్టులు గుఱ్ఱపుబండిలోను, పిదప ఎనిమిది గంటలు రైలులోను ప్రయాణము. చిత్రమేమనగా బండిలో అతనికి సుఖముగానే యుండినది. శరత్కాలపు వెలుగు, చక్కని బాట, బండివాని మాటలు. తానెచటికి పోవుచున్నాడో మరచెను. రైలెక్కినది మొదలు అంతయు మారినది. కన్నులయెదుట బొమ్మలు గట్టసాగినవి. తాను చూడని దృశ్యములను తానే సృష్టించి, వానిని తానే నమ్మి, ఆ నమ్మకమునుండి మరల క్రొత్త దృశ్యములను పుట్టించెను.

కోపము కాలముచేత చల్లారునని లోకమున ఒక నమ్మకము కలదు. మన భారతమున శాంతిపర్వమందలి చిరకారి వృత్తాంతము దీనికి ప్రసిద్ధోదాహరణము. గౌతముడు భార్య తప్పిదమునకు కుపితుడై, తల్లిని వధింపుమని కొడుకున కాజ్ఞాపించి వనమునకు పోయెను. ఏ పనినైనను దీర్ఘముగా విచారించి చేయు స్వభావము గల ఆ కుమారుడు తండ్రిమాటకును తల్లి ప్రాణమునకును నడుమ తర్కించుచు కాలము గడపెను. అంతలో తండ్రికి పశ్చాత్తాపము కలిగి, చేయరాని పని చేయించితినని ఏడ్చుచు పరుగెత్తివచ్చి, భార్య బ్రతికియుండుట చూచి కొడుకు ఆలస్యమును కొనియాడెను. ఇచట కాలము రక్షించినది. అచట రైలులో గడచిన ఎనిమిది గంటలు రక్షింపలేదు సరికదా చంపినవి. భేదమెక్కడ? గౌతముడు వనములో కూర్చుండి తలపోసినది తన ఆజ్ఞను, అనగా తన చేతను. పోజ్డ్నిషెవ్ రైలులో తలపోసినది ఆమె చేతను. ఒకడు తన్ను విచారణకు పెట్టుకొనెను; రెండవవాడు ఎదుటలేని ఆమెపై విచారణ జరిపి, వాదియు సాక్షియు న్యాయాధిపతియు తానే యయ్యెను. అయితే, చిరకారి కథలో గూడ ఆ తల్లి మాట్లాడదు. ఆమె ప్రాణముపై తండ్రికొడుకుల ధర్మవిచారమే సాగినది.

ఇల్లు చేరినపిదప జరిగినది మరింత సూక్ష్మముగా చదువవలసినది. ముంగిట విద్వాంసుని ఓవరుకోటు వ్రేలాడుచున్నది. మొదట అతనికి ఏడ్పు ముంచుకొనివచ్చినది. అంతట, ఇట్లు ఏడ్చుచు కూర్చున్నచో వారు నెమ్మదిగా విడిపోవుదురు, నిదర్శనము దొరకదు, సందేహము జీవితాంతము మిగులును అని తోచినది. ఆ తోచుటతోనే ఆత్మానుకంప మాయమై, ఆ స్థానమున సంతోషము పుట్టినది! ఇక ఆమెను శిక్షింపవచ్చును, తన కసిని విడువవచ్చును అను సంతోషము. ఇది విమర్శకులు సామాన్యముగా ఉదాహరింపని వాక్యము. ఈర్ష్య దుఃఖమైనచో ఈ సంతోషమునకు తావేది?

అటుపై బూట్లు విప్పెను, చప్పుడు కాకుండుటకు. మేజోళ్లతో నడచి, గోడమీది ఆయుధములలోనుండి ఎన్నడును వాడని వంకర డమాస్కసు బాకును తీసెను. ఒర సోఫా వెనుక పడినది. తరువాత వెదకితీయవలెను, లేనిచో పోవును అని అనుకొన్నాడు. ఈ ఒక్క ఆలోచన ముందు క్షణికావేశ సిద్ధాంతమంతయు కూలిపోవుచున్నది. ఒరను భద్రపరచుకొనవలెనను వాని మనస్సులో రేపటిదినము చెక్కుచెదరక యున్నది. ఆ రేపటిలో తాను గలడు, బాకు గలదు, బాకునకు ఒర గలదు. లేనిది ఆమె యొక్కతెయే. పొడుచుటకు ముందు విద్వాంసుని తరుమబోయి, మేజోళ్లతో పరుగెత్తుట నవ్వులపాలగునని ఆగినాడు. తాను భయంకరుడుగా కనబడవలెనే గాని హాస్యాస్పదుడుగా కాదు. కోపములో చేసినది జ్ఞాపకముండదని జనులు చెప్పుట వట్టి అబద్ధమనియు, తనకు ప్రతిక్షణము ఏమి చేయుచున్నానో తెలియుచునే యుండినదనియు అతడే ఒప్పుకొనుచున్నాడు. ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యమును ఏ న్యాయస్థానము కోరును? అయినను కథలోని న్యాయస్థానము దీనిని విడిచిపుచ్చినది.

మన దేశపు న్యాయచరిత్రలో ఈ సందర్భమున జ్ఞప్తికి వచ్చునది నానావతి కేసు. 1959 ఏప్రిల్ 27న బొంబాయిలో ఒక నౌకాదళాధికారి తన భార్య ప్రియుని కాల్చిచంపెను. హతుడు భార్య కాదు గనుక ఇది మన కథకు సమానము కాదు. కాని ఆకస్మికోద్రేకమను వాదము ఇందు పరీక్షింపబడినది. భార్య నోట విషయము విన్నపిదప అతడు ఆమెను పిల్లలను సినిమాకు దింపి, ఓడకు పోయి, వేరొక కారణము చెప్పి రివాల్వరు తీసికొని, హతుని కార్యాలయమునకు, అచటినుండి ఇంటికి పోయెను. ఇల్లు విడిచినది మొదలు కాల్చుటవరకు గడచిన సుమారు మూడుగంటలు మనస్సును స్వాధీనపరచుకొనుటకు చాలునని 1961 నవంబరు 24న సుప్రీంకోర్టు తీర్పుచెప్పినది. 1860 నాటి శిక్షాస్మృతిలోని ఆకస్మికోద్రేక మినహాయింపు 2024 జులై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో, 101వ విభాగమున, నేటికిని నిలిచియున్నది. ఇంగ్లండులో మాత్రము 2009 నాటి శాసనము పాత ఉద్రేకవాదమును రద్దుచేసి, దానికి మారుగా తెచ్చిన స్వాధీనభ్రంశ వాదమున సహచరుని లైంగికావిశ్వాసమును కారణముగా లెక్కింపరాదని విధించినది. పోజ్డ్నిషెవ్‌ను విడిచిన జూరీ నోటినుండి ఆ మాటను తీసివేయుటకు నూరేండ్లకు పైగా పట్టినదన్నమాట.

ఇట్లయినచో హత్యకు మూలమేది? కథలోనే సమాధానమున్నది. రైలులో అతనిని దహించినది ఒక విచిత్రమైన వైరుధ్యము. ఆమె శరీరముపై, అది తన శరీరమే యైనట్లు, తనకు సంపూర్ణాధికారము కలదని అతడు భావించుచున్నాడు. అదేసమయమున ఆ శరీరము తనది కాదనియు, ఆమె దానిని తన యిష్టము వచ్చినట్లు వినియోగించుకొనగలదనియు గ్రహించుచున్నాడు. ఈ రెండు జ్ఞానములు ఒక తలలో ఇముడలేదు. ఈర్ష్య యనునది దీనికి పైపేరు మాత్రమే. ఒకరి ప్రేమను పోగొట్టుకొనుటవలని దుఃఖము వేరు; తన సొత్తు తనకు మనస్సున్నదని ప్రకటించినపుడు కలుగు ఆగ్రహము వేరు. విద్వాంసుడు లేకున్నను ఆమె పుస్తకము చదివినను, సోదరి యింటికి పోయినను, పియానో ముందు ఒంటరిగా కూర్చున్నను ఇదే స్థితి కలిగియుండును. నిజమునకు కలహములన్నియు అతడు రాకముందే మొదలైనవి గదా! ఒథెల్లోను గూడ మనము ఈర్ష్యావిషాదముగానే బోధించుచున్నాము. కాని అతడును దీపము చేతబట్టి, ప్రార్థనకు వ్యవధి నిచ్చి, తాను చేయునది బలిదానమని నమ్మి పడకగదిలో ప్రవేశించినవాడు; న్యాయాధిపతి పాత్రను ధరించి వచ్చినవాడు.

ఇచట మన భాషను గూర్చి ఒక మాట. భార్యాహత్యలను ప్రకటించునపుడు తెలుగుపత్రికలలో రెండు పలుకుబళ్లు రాళ్లవలె స్థిరపడిపోయినవి: “అనుమానం పెనుభూతమై” అనునది యొకటి, “క్షణికావేశంలో” అనునది రెండవది. కారకదృష్టితో చూచినచో మొదటిదానిలో కర్త అనుమానము. భర్త భూతమావేశించిన అభాగ్యుడు. రెండవదానిలో క్షణమే కర్త. భర్త ఆ క్షణమునకు చిక్కినవాడు. రెండింటను చంపినవాడు కర్తృస్థానమునుండి మెల్లగా తప్పుకొన్నాడు. చంపబడిన స్త్రీ కర్మస్థానమున మాత్రము నిలిచి, పెక్కుమార్లు తన నడవడిని గూర్చిన ప్రశ్నకు ఉదాహరణమైనది. పోజ్డ్నిషెవ్ రాత్రియంతయు రైలులో చేసిన పనినే ఈ రెండు సమాసములు రెండు మాటలలో చేయుచున్నవి. భాషాశాఖలవారు సంధులకు సమాసములకు ఇచ్చు శ్రద్ధలో కొంత ఇట్టి శీర్షికల కారకములకు ఇచ్చినచో మంచి పరిశోధనాంశము కాగలదు.

ఇటీవలి పరిశోధన ఈ కథను మరల తెరచి చదువుటకు తోడ్పడుచున్నది. ఐక్యరాజ్యసమితివారి గణనప్రకారము 2023లో ప్రపంచమున సుమారు 51,100 మంది స్త్రీలు, బాలికలు సహచరులచేతనో కుటుంబసభ్యులచేతనో హతులైరి. 2003లో జాక్వెలిన్ క్యాంప్‌బెల్ మొదలగువారు అమెరికాలోని 11 నగరముల హత్యలను పరిశీలించి, అధికారముచెలాయించు సహచరుని విడిచిపోవుట, చంపుదునను పూర్వపు బెదిరింపులు, ఆయుధము అందుబాటులోనుండుట ప్రాణాపాయమును హెచ్చించునని చూపిరి. 2007లో ఇవాన్ స్టార్క్ దెబ్బలకంటె ముందుగా స్త్రీ స్వేచ్ఛనే బంధించు నియంత్రణమును గమనింపవలెనని వాదించెను. ఇంగ్లండులో జేన్ మంక్టన్ స్మిత్ 372 హత్యలను చదివి, వానిలో ఎనిమిది దశల క్రమము కనబడుచున్నదని 2019లో ప్రకటించిరి. ఆ క్రమమున నియంత్రణము పట్టుదప్పినపుడు బెదిరింపులు హెచ్చును. పిమ్మట హంత ఆలోచనలో ఒక మార్పు వచ్చును. ఆపై ఏర్పాటు, తుదకు హత్య. ఏడ్పునుండి సంతోషమునకు మారిన ఆ క్షణము, ఇల్లువిడిచిన భార్య, చంపుదునను అరపు, గోడమీది బాకు, విప్పిన బూట్లు! శాస్త్రము రుజువుచేసినదానిని కథ ముందే చెప్పినదని మురియుట మా ఉద్దేశము కాదు. కల్పితపాత్ర ఒకటి దేనికిని రుజువు కాజాలదు. విమర్శకుని కన్ను దాటిపోయిన వివరములవద్దకు ఈ పరిశోధన మమ్ము వెనుకకు మరల్చినదని మాత్రమే చెప్పుచున్నాము.

ఒక ఆక్షేపమునకు సమాధానము చెప్పవలసియున్నది. భార్య నిజముగా దోషియా, కాదా అని కథ తేల్చదు. ఆ సందిగ్ధమే దీని కళారహస్యమని పలువురు విమర్శకుల మతము. కళాదృష్టిచేత అది నిజమే. కాని ఆ ప్రశ్నను హత్యావిచారమునకు కేంద్రముగా నిలుపుట యనగా దోషియైనచో చావు కొంత న్యాయమగునని మౌనముగా ఒప్పుకొనుటయే. ఈ విషయమును అందరికంటె బాగుగా గ్రహించినది సోఫియా టాల్‌స్టాయా. భర్త కథ తన్ను అవమానించినదని బాధపడుచునే దాని ముద్రణకై చక్రవర్తి ఎదుట నిలిచిన ఈమె, 1892-93లో “ఎవరిది తప్పు?” అను ప్రతికథను రచించెను. ఆమె జీవితకాలమున అది అచ్చుకాలేదు. రష్యాలో 1994లోగాని వెలుగుచూడలేదు. అందు భార్య అన్నాకు భర్త మిత్రునితో గల స్నేహము నిష్కళంకమని పాఠకునకు సందేహములేకుండ తెలియును. అయినను భర్త ఆమెను చంపును. దోషము తీసివేసినను చావు తప్పలేదు గనుక చావునకు కారణము దోషము కాదని ఆ కథానిర్మాణమే వాదించుచున్నది.

కళాపరిణతిలో ఈ రెండవ కథ మొదటిదానికి సాటిరాదు. పాత్రలు తెలుపు నలుపులుగా చీలిపోయినవి. భార్యను కళంకరహితగా నిలుపుటకై రచయిత్రి చాల శ్రమపడినది. కాని ఒక్కచోట ఆమె మహాకథకుడైన భర్తకంటె లోతుగా చూచెననుటకు మేము జంకము. ఈ కథలో భర్త చేతికి వచ్చు ఆయుధము బాకు కాదు, బల్లమీది పేపరువెయిటు. టాల్‌స్టాయి కథలో గురిచూచి ప్రక్కకు విసరబడిన ఆ వస్తువే ఇచట కణతకు తగిలినది. ప్రక్కకు విసరిన దానినుండి తగులు దానికి గల దూరము ఎంత యని ఆమె తన భర్తను అడిగినట్లున్నది.

మొదటి కథలో భార్య మాటలు మనకు హంత నోటిద్వారా మాత్రమే వినబడును. చావుపడకపై ఆమెను చూచినప్పుడు, కమిలి వాచిన ఆ ముఖమును చూచి, తన హక్కులను తన గర్వమును మరచి, మొట్టమొదటిసారిగా ఆమెయందు ఒక మనుష్యప్రాణిని చూచితినని అతడు చెప్పును. వివాహమైన అన్ని సంవత్సరములలో మొదటిసారి! బాకు దిగినపిదప గాని ఆ చూపు కలుగలేదు. అతడు క్షమింపుమని వేడెను. ఆమె క్షమింపలేదు, పిల్లలను నీకియ్యను, నా సోదరి తీసికొనును అన్నది. విమర్శకులు కొందరు ఈ మాటలను సంధిజ్వరములో పలికిన ప్రలాపములుగా చదివిరి. కథ నడుమ, రైలుపెట్టెలో, అతడు పిల్లలను గూర్చి చెప్పిన నాలుగు వాక్యములను వీనితో కలిపి చదివినచో అట్లనుటకు వీలులేదు. న్యాయస్థానము అతనిని విడిచిపుచ్చినది. అతడు తన ఆస్తిని ఇచ్చివేసినాడు. ఆమె సోదరియు సోదరుడును మాత్రము పిల్లలను అతనికి అప్పగింపలేదు.